బిడ్డే అర్జీదారు

పిల్లల విషయంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదని తీర్మానించడానికి సంబంధిత శాఖకు పదకొండేళ్ళు పట్టింది. తొందరపడి తీర్మానించారన్న అపవాదు రాకూడదు కదా. తీర్మానం అయ్యాక మాత్రం పనులు చకచకా సాగాయి. చిన్నపిల్లల్లో ఆటిజాన్ని వీలైనంత ముందే గుర్తించడానికి సత్వర నిర్ధారణ కేంద్రం వెలిసింది. దాని ప్రహరీ మీద ‘ఎంత త్వరగా అయితే అంత’ అని మనిషంత అక్షరాలతో రాయించారు. (మిగిలిన మాట రెండో విడత నిధులు వచ్చాక రాస్తారు.)

కేంద్రం మేడ మీద మాటల గది ఉంది. నేలంతా మెత్తటి నీలం చాప, గోడవారగా చెక్క దిమ్మెలు, చాప మీద బాసింపట్టు వేసుకుని ఒక టీచరు. తమకు కావలసింది ఎలా అడగాలో ఆవిడ పిల్లలకు నేర్పుతుంది. వేలు పెట్టి చూపడం, బొమ్మ పటం అందించడం, మాట వచ్చిన పిల్లలకు మాట. నాలుగేళ్ళు నిండకముందే నిర్ధారణ కాగితం చేతికొచ్చిన బిడ్డకు మర్నాటి నుంచే అక్కడ చోటు ఇస్తారు. నిండితే ఆ చోట్లు ఇవ్వరు. ఆ గదిలో చోట్లకు ఏనాడూ కొదవ లేదు. కాగితం ఉన్న పిల్లలే దొరకడం లేదు.

ఈ కథలోని తల్లి గొంతు ఊరందరికీ తెలుసు, మొహం ఎవరికీ తెలియదు. బ్యాంకుకు ఫోన్ చేసినా, కరెంటాఫీసుకు చేసినా, రాని గ్యాస్ బండ గురించి వాకబు చేసినా ముందు పలికేది ఆమే. “దయచేసి వేచి ఉండండి. మీ నిరీక్షణ మాకు అమూల్యం.” గోడలన్నిటికీ స్పాంజి అంటించిన ఒక చిన్న గదిలో ఆమె చేత ఈ మాటలు చదివించినప్పుడు, అద్దానికి అవతల కూర్చున్న రికార్డింగు మాస్టారు ఒకే సలహా ఇచ్చాడు.

“ఆశ వినిపించాలమ్మా. హామీ వినిపించకూడదు.”

ఆమెకది మొదటిసారే వచ్చేసింది. ఇలాంటి గొంతు ఎక్కడ సాధన చేశావని ఆయన ఆశ్చర్యపోయాడు. కాపురంలో, అని ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత నిర్ధారణ శాఖవారు తమ పిలుపుల యంత్రం కోసం ఆమె చేత జనం పేర్లు చదివించారు. ఒక వేసవంతా చదివింది. అన్ని పేర్లలో ఒక్క పేరు మాత్రం నోట్లోంచి జారుడుబల్ల మీద జారినట్టు వచ్చింది. కడుపులో ఉన్నది ఆడపిల్లయితే ఇదే పెట్టాలనుకుంది. ఆడపిల్లే పుట్టింది. ఆ పేరే పెట్టింది.

ఆ పేరు పెట్టి పిలిస్తే పాప పలకదు.

వెనక నుంచి పిలిచినా అంతే, ఎదురుగా కూర్చుని పిలిచినా అంతే. పక్కింట్లో పళ్ళెం జారిపడితే ఉలిక్కిపడుతుంది కాబట్టి చెవులు భేషుగ్గా ఉన్నాయి. దాహమేస్తే నీళ్ళు అడగదు. గోడకు నుదురు ఆనించి ఏడుస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు గ్లాసు, పాలసీసా, అరటిపండు, దుప్పటి ఒక్కొక్కటే పైకెత్తి వేలంపాటలోలాగా చూపించాలి. సరైన వస్తువు వచ్చిందంటే ఏడుపు ఆగుతుంది. ఏదీ సరైనది కాని రోజున ఆమె కూడా పాప పక్కనే కూలబడి, అదే గోడకు నుదురు ఆనిస్తుంది. గోడ చల్లగా ఉంటుందని, పాప అక్కడికే ఎందుకు వెళుతుందో తనకు కొంత అర్థమైందని ఆమెకు అనిపించేది. అర్థమైంది ఎవరికీ చెప్పుకునేది కాదు.

కుటుంబ స్థాయి నిపుణుల సంఘం ఈ సంగతి ఎప్పుడో తేల్చేసింది. సంఘానికి అధ్యక్షురాలు అత్తగారు.

“మావాడూ ఇంతేనమ్మా. నాలుగేళ్ళదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు చూడు, ఎంత చక్కగా మాట్లాడతాడో!”

(భర్త ఆ సమయంలో అక్కడే ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు.)

భర్తకు కళ్ళద్దాల దుకాణం ఉంది. ఆయన అభిప్రాయం వృత్తిరీత్యా ఏర్పడింది. “నువ్వు ప్రతిదీ మరీ దగ్గర పెట్టుకుని చూస్తావు. కాస్త దూరం నుంచి చూడు, పిల్ల బాగానే ఉంటుంది,” అన్నాడు ఒకరోజు.

“దూరం నుంచి చూస్తే ఎవరి పిల్లయినా బాగానే ఉంటుంది. దగ్గరి చూపుకి అద్దాలమ్మే మనిషి అనాల్సిన మాటేనా ఇది?” అంది ఆమె.

పిల్లల డాక్టరు ఒక్కడే పాపతో కాసేపు నేల మీద కూర్చున్నాడు. లేచి మోకాళ్ళు దులుపుకుంటూ చెప్పాడు. “ఆటిజం కావచ్చమ్మా. ఖాయంగా రాసివ్వాల్సింది కేంద్రం. నాలుగేళ్ళు నిండేలోగా ఆ కాగితం సంపాదించండి. మాటల గదిలో పడిందంటే కనీసం దాహమేసిందని చెప్పడం వస్తుంది.”

పాపకు అప్పటికి మూడు నిండి కొన్ని నెలలయింది. ఇంటికొచ్చి ఆమె కేంద్రానికి ఫోన్ చేసింది.

“దయచేసి వేచి ఉండండి,” అంది ఆమె గొంతు, ఆమెతో. “మీ నిరీక్షణ మాకు అమూల్యం.”

ఆమె వేచి ఉంది. అంత నమ్మకంగా చెబుతుంటే ఎవరైనా ఉంటారు. ఇంతలో అవతలి గదిలోంచి పాప పరుగెత్తుకొచ్చింది, ఫోను లాక్కుని చెవికి అదుముకుంది, కళ్ళు మూసుకుంది. ఆ మొహంలో అలాంటి నెమ్మది ఆమె ఎప్పుడూ చూడలేదు. వంతు వచ్చి అవతల ఎవరో మనిషి “హలో” అనేసరికి పాప ఫోను నేలకేసి కొట్టింది.

ఆ పూట ఆమెకు తన మీద తనకే అసూయ పుట్టింది. తర్వాత నింపాదిగా ఆలోచిస్తే పిల్లది తప్పనిపించలేదు. తన గొంతు ఒకసారి విసుగ్గా ఉంటుంది, ఒకసారి బతిమాలుతుంది, ఒకసారి ఏడుపు దాచుకుని నవ్వుతుంది. ఒకే పేరును రోజుకు ఇన్ని రకాలుగా పిలిస్తే అన్నీ ఒకే పేరని పాపకెలా తెలుస్తుంది? ఫోనులో అమ్మ అలా కాదు. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. ఇద్దరమ్మల్లో నికరమైన అమ్మను ఎంచుకుంది పాప. అంతే.

మర్నాడు ఆమె మైకు ముందు నిలబడ్డట్టు నిలబడి ప్రకటించింది. “దయచేసి గమనించండి. స్నానాల గదిలో వేడినీళ్ళు సిద్ధంగా ఉన్నవి.”

పాప లేచి వచ్చింది.

“ఇది ఇల్లా, బస్‌స్టాండా?” అన్నాడు భర్త.

“నన్నూ అలాగే పిలువు తల్లీ,” అంది అత్తగారు. “ఈ ఇంట్లో నన్ను దయచేసి అని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.”

కేంద్రంలో వంతు వచ్చిన రోజున ఆమె పాపను తీసుకుని పొద్దున్నే వెళ్ళింది. హాలు నిండా తల్లులూ తండ్రులూ, వాళ్ళ ఒళ్ళలోనూ బెంచీల కిందా పిల్లలూ ఉన్నారు. గోడ మీద పెద్ద బోర్డు. ‘బిడ్డే అర్జీదారు. పిలిచినప్పుడు అర్జీదారు స్వయంగా స్పందించవలెను. అర్జీదారు తరఫున పెద్దలు పిలవరాదు, పలకరాదు.’ బాలల గౌరవం మీద శాఖ జరిపిన మూడురోజుల సదస్సులో పుట్టిన నిబంధన ఇది. పిల్లల మాటను పెద్దలు లాక్కుంటున్నారని ఆ సదస్సులో పెద్దలందరూ ఆవేదన వ్యక్తం చేశారు.

ఆ రోజు పిలుపుల యంత్రం పాడైంది. అటెండరు నోటితోనే పిలుస్తున్నాడు. పాప పేరు మూడుసార్లు పిలిచాడు. పాప ఫ్యాను వంక చూస్తోంది. ఆమె పాపను ఎత్తుకుని లేచింది.

“మీరు కూర్చోండమ్మా, మిమ్మల్ని పిలవలేదు,” అన్నాడు అటెండరు.

కౌంటరు వెనక ఉన్న అధికారి ఏదో నొక్కి, “గైర్హాజరు,” అన్నాడు.

“పాప ఇక్కడే ఉంది కదండీ!”

“కనిపిస్తోందమ్మా. పలకలేదు కదా.”

“పలకడం లేదనే కదా తీసుకొచ్చాం.”

“పలకని పిల్లలు వచ్చినట్టు మాకెలా తెలుస్తుందమ్మా? మీరే చెప్పండి.” ఆయన నిజంగానే జవాబు కోసం ఆగాడు. చెడ్డవాడు కాదు.

బెంచీ మీద పక్కనే ఒక లారీ డ్రైవరు కొడుకును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాడు తండ్రి చొక్కా గుండీని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“బాధపడకు చెల్లెమ్మా. మావాడికి ఇది మామూలే. పోయినసారి గైర్హాజరు రాసినప్పుడు వీడు ఆ కౌంటరు బల్ల ఎక్కి కూర్చునున్నాడు.”

“మరి పలికిన పిల్లలు ఎవరైనా ఉన్నారా అన్నయ్యా?”

“ఎందుకు లేరూ. పలికితే ఇంకేం, జబ్బేం లేదని నిశ్చింత పత్రం చేతిలో పెట్టి పంపించేస్తారు. దానికంటే గైర్హాజరే నయం. మళ్ళీ రానిస్తారు.”

మళ్ళీ వంతు వచ్చేసరికి ఒక వానాకాలం వచ్చి వెళ్ళిపోయింది. హాలుకు రంగులు వేశారు. యంత్రం బాగుపడింది. లారీ డ్రైవరు అదే బెంచీ మీద ఉన్నాడు. కొడుకు కొంచెం ఎదిగాడు, గుండీ మారింది. ఆమె పలకరించబోతుండగా గంట శబ్దం వినిపించి, గోడ మీది స్పీకరు పాప పేరు పలికింది.

ఎప్పుడో ఒక వేసవిలో, పాపను కడుపులో మోస్తూ, ఏ విసుగూ లేకుండా, ఏ భయమూ లేకుండా ఆమె పలికిన పేరు అది. అంత చక్కగా ఆ తర్వాత ఎప్పుడూ పలకలేకపోయింది.

పాప ఒళ్ళోంచి దిగింది. మనుషుల కాళ్ళ మధ్య నుంచి తిన్నగా నడుచుకుంటూ కౌంటరు దాకా వెళ్ళి, స్పీకరు కింద గోడకు చెంప ఆనించింది.

“పట్టుకో చెల్లెమ్మా, పట్టుకో!” అని లారీ డ్రైవరు లేచాడు. “పలికితే పోయింది!”

అప్పటికే పోయింది. అధికారి చిరునవ్వుతో నొక్కేశాడు. “పిలవగానే స్పందించింది. సంతోషమమ్మా. ఇలా పలికిన పిల్లను చూసి ఎన్నాళ్ళయిందో!”

“అది నా గొంతండీ,” అంది ఆమె.

“ఏది?”

“ఇందాక పిలిచింది. నేను మామూలుగా పిలిస్తే పలకదు. ఆ రికార్డింగుకైతేనే వస్తుంది. అది కూడా చూడాల్సిన సంగతే కదండీ? అది చెబుదామనే…”

అధికారి స్పీకరు వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు. ఆయన మొహంలో చిక్కుముడి పడింది, వీడింది. “చూడమ్మా. పిలిచింది యంత్రమైతే పాప స్పందించినట్టు. పిలిచింది మీరైతే నిబంధనకు విరుద్ధం, ఆ పిలుపు చెల్లదు. అప్పుడు రెండో గైర్హాజరు. ఏది రాయమంటారు?”

రెండో గైర్హాజరు రాస్తే పాప వరుస చివరికి పోతుంది. ఆ చివర నుంచి కదిలి వచ్చేసరికి నాలుగో పుట్టినరోజు దాటిపోతుంది. నిశ్చింత పత్రం తీసుకుంటే దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. (నిశ్చింతగా ఉండలేని తల్లిదండ్రుల కోసం శాఖ ఒక నిశ్చింతాధికారిని ప్రత్యేకంగా నియమించింది.) ఆమె పత్రం తీసుకుంది. ఆ సాయంత్రం అత్తగారు దానికి పటం కట్టించమంది.

నిశ్చింతాధికారి గది చల్లగా, శుభ్రంగా ఉంది. బల్ల మీద కాగితాలు కాగితాలకు, పెన్నులు పెన్నులకు సమాంతరంగా ఉన్నాయి. ఆయన పెద్దవాడు, మర్యాదస్తుడు. పాపను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టమన్నాడు.

“ఏం పాపా, నీ పేరేంటి?”

పాప పెన్నుల వంక చూస్తూ చెప్పింది. “మీ అభ్యర్థన స్వీకరించబడింది.”

అధికారి సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. “నీకెన్నేళ్ళమ్మా?”

“దయచేసి వేచి ఉండండి.”

“ఆహా. మరి నీకు అమ్మంటే ఇష్టమా, నాన్నంటే ఇష్టమా?”

“మిమ్మల్ని సంబంధిత విభాగానికి బదిలీ చేస్తున్నాము.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇన్నేళ్ళ సర్వీసులో మా కిందివాళ్ళకు రాలేదమ్మా ఈ భాష. ఎంత పొందిక! ఒక్క మాట అటూ ఇటూ పోలేదు.”

“అవి తన మాటలు కావండీ,” అంది ఆమె. “ఫోనులో విన్నవి. ఏమడిగినా అవే చెబుతుంది.”

“మేమూ అంతేనమ్మా.”

“మనిషి కళ్ళలోకి చూడదు.”

“మా శాఖలో ఎవరు చూస్తారు?”

“రోజూ ఒకే దారిన వెళ్ళాలి. దారి తవ్వారని పక్క సందులోంచి తీసుకెళితే రోడ్డు మీద పడి ఏడ్చింది.”

“పద్ధతి గల పిల్ల.”

“బొమ్మలతో ఆడదండీ. వరుసగా పేర్చి పెడుతుంది. ఒక్కటి కదిపినా ఊరుకోదు.”

“వరుసలో పెట్టడం, కదలనివ్వకపోవడం. మరి ఈ భవనంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగేదేంటమ్మా?” ఆయన నవ్వలేదు. కాస్త గర్వంగానే అన్నాడు.

ఆమెకు తను సిద్ధం చేసుకున్న మాటలన్నీ అయిపోయాయి. మిగిలిందొకటే. అది ఫిర్యాదులా వినిపిస్తుందని ఇన్నాళ్ళూ ఎవరి ముందూ పైకి అనలేదు.

“దాహమేస్తే చెప్పలేదండీ. గోడకు నుదురానించి ఏడుస్తుంది. మేం ఒక్కొక్క వస్తువూ చూపిస్తాం. నాకు జ్వరమొచ్చి పడుకున్న రోజు ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. లేచి చూసేసరికి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నేను ఎప్పటికీ ఉండను కదండీ. నీళ్ళు అడగడం ఒక్కటి నేర్పిస్తే చాలు. పైన ఆ గదిలో నేర్పుతారట.”

అధికారి పెన్ను ఒకటి తీసి, మిగతావాటి పక్కన సరిగ్గా పెట్టాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

“మా మనవడు కూడా…” అని ఆగిపోయాడు. పెన్ను వంకే చూస్తూ, ఎవరితోనో వాదిస్తున్నట్టు, “వాడు మొండివాడు. అంతే,” అన్నాడు.

తర్వాత గొంతు సవరించుకుని పునఃపరిశీలనకు ఆదేశించాడు. శాఖ చరిత్రలో నిశ్చింత పత్రాన్ని అంత ఉదారంగా తిరగదోడడం అదే మొదలని బయట గుమాస్తా ఆమెకు చెప్పాడు. దగ్గరలో ఖాళీగా ఉన్న తేదీ ఒకటి చూసి ఇచ్చాడు. పాపకు నాలుగేళ్ళు నిండిన మర్నాడు.

“ఒక్క రెండు రోజులు ముందుకు జరపండి,” అంది ఆమె. “పుట్టినరోజుకు ముందు రోజైనా సరే.”

“ముందు రోజు సెలవమ్మా.”

“పోనీ పుట్టినరోజునే.”

“ఖాళీ ఉంది గానీ, పుట్టినరోజు పూట పిల్లల్ని ఆఫీసుల చుట్టూ తిప్పకూడదని మాకు గట్టి ఆదేశాలున్నాయి. పిల్లల మనసులు కదా.”

నాలుగేళ్ళు నిండిన పిల్లల కోసం అదే భవనం వెనక విలంబిత విభాగం ఉంది. తేదీ రాగానే పాపను అక్కడికి పంపారు. ఆమె వెంట ఈసారి భర్త కూడా వచ్చాడు. దుకాణం మూసి వచ్చాడు. ఎందుకొచ్చారని ఆమె అడగలేదు. ముందు రోజు పాప గోడ దగ్గర ఏడుస్తుంటే ఆయన గది అవతలి నుంచి కాసేపు చూసి, తర్వాత వెళ్ళి పక్కన కూర్చున్నాడు. గ్లాసు, పాలసీసా, అరటిపండు, దుప్పటి అన్నీ చూపించాడు. ఏదీ సరైనది కాలేదు.

విలంబిత విభాగంలో వరుస లేదు. కుర్చీలకు దిళ్ళున్నాయి. పేరు పిలవరు, కాబట్టి పలకనక్కర్లేదు. లోపలి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. అక్కడి డాక్టరమ్మ నేల మీదే కూర్చుని, చుట్టూ దిమ్మెలు పరుచుకుని ఎదురుచూస్తోంది. ఆవిడకు పిల్లను చూడగానే తెలిసిపోతుందని, రాసివ్వడానికి ఒక పూట కూడా పట్టదని చెప్పుకుంటారు.

తలుపు పక్కన బల్ల దగ్గర గుమాస్తా కూర్చునుంది. పాపను చూసి ముచ్చటపడింది. తర్వాత ఆమె వంక చూసి తల అడ్డంగా ఊపింది.

“ఇంత ఆలస్యమా అమ్మా? కాస్త ముందే తీసుకురావద్దూ? చదువుకున్నవాళ్ళలాగే ఉన్నారు.”

“తీసుకొచ్చామండీ…” అన్నాడు భర్త. ఆయన అంత గట్టిగా మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. “ఈ బిల్డింగుకే తీసుకొచ్చాం. ఆ ముందు వాకిట్లోంచే.”

“అది వేరే విభాగమండీ. వాళ్ళ సంగతి మాకు తెలియదు.” గుమాస్తా కంప్యూటరు వైపు తిరిగింది. “ఆలస్యానికి కారణం చెప్పండి. తల్లి నిర్లక్ష్యమా, తండ్రి నిర్లక్ష్యమా?”

“ఇంకేం లేవా అందులో?” అడిగింది ఆమె.

“ఇద్దరి నిర్లక్ష్యం అని మూడోది ఉంది. అది నొక్కితే విచారణ పడుతుంది. అయ్యేదాకా పిల్లను లోపలికి పంపరు.”

“ఏదీ నొక్కకపోతే?”

“నొక్కకపోతే పేజీ కదలదమ్మా.”

“నాది నొక్కండి,” అన్నాడు భర్త.

“తండ్రిదైతే మీ ఆఫీసు పైఅధికారి సంతకం కావాలి.”

“నాకు ఆఫీసు లేదండీ. సొంత దుకాణం.”

“అయితే అది కుదరదు.”

పాప అప్పటికే ఓరగా ఉన్న తలుపు దగ్గరికి వెళ్ళి, సందులోంచి దిమ్మెల్ని చూస్తోంది. లోపలి నుంచి డాక్టరమ్మ మాటేమీ లేకుండా ఒక దిమ్మెను నేల మీద మెల్లగా ఇటు జరిపింది.

“తల్లిది నొక్కండి,” అంది ఆమె.

గుమాస్తా నొక్కింది. తలుపు పూర్తిగా తెరిచారు. డాక్టరమ్మ ఆ పూటే ఆటిజమని రాసిచ్చింది. మాటల గదిలో చోట్లు ఖాళీగా ఉన్నాయి గానీ అవి సత్వర విభాగానివి కాబట్టి, విలంబిత విభాగానికి ఖాళీ వచ్చినప్పుడు కబురు చేస్తామన్నారు.

నిర్ధారణ ఎందుకు ఆలస్యమవుతోందో తేల్చడానికి శాఖ ఆ ఏడాది ఒక సమగ్ర అధ్యయనం జరిపించింది. దాదాపు అన్ని సందర్భాల్లోనూ కారణం తల్లి నిర్లక్ష్యమేనని, ఆ సంగతి తల్లులే స్వయంగా ఒప్పుకున్నారని తేలింది.